బ్రహ్మరాక్షసుణ్ణి పెట్టినంత మాత్రాన ఆట తెలుగుది కాదు

ఎడిటర్ గారికి,
నమస్కారం.

సెలవుల్లో ఇంటిల్లిపాదీ ఆడుకోదగ్గ ఆటల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటలను కూడా కలుపుకోవడం సంతోషం. తెలుగు పత్రికల్లో వాటి ఊసు అరుదు. మా పేచీ అల్లా వాటిని తెలుగులోకి తెచ్చుకోవడానికి చెప్పిన ఉపాయంతోనే. డ్రాగన్ బదులు బ్రహ్మరాక్షసుడు, విజర్డ్ బదులు మాంత్రికుడు, సారా దుకాణం బదులు పూటకూళ్ళ ఇల్లు పెట్టుకుంటే సరిపోతుందట. పేర్లు మార్చడం ఒక పూట పని. ఆట మారాలంటే లెక్క మారాలి. ఆ లెక్క ఎక్కడ ఎలా బెడిసికొడుతుందో చెప్పడానికే ఈ ఉత్తరం. కాస్త పొడుగవుతుంది. కుదించి వేసుకున్నా అభ్యంతరం లేదు గానీ, అంకెలు మాత్రం తీసేయవద్దని మనవి.

తెలియనివారికోసం రెండు మాటలు. ఈ ఆటలో ఒకరు కథ నడుపుతారు, వాళ్ళని జీఎం అంటారు. మిగిలినవాళ్ళు తలా ఒక పాత్ర. ‘గోడ దూకుతాను’ అని ఆటగాడు అన్నప్పుడు, దూకగలడో లేదో సందేహమైతే పాచిక వేస్తారు. ఎప్పుడు వేయాలి, ఎన్ని వేయాలి, ఎంత పడితే ఏం జరగాలి అనే నియమాలన్నిటినీ కలిపి మెకానిక్స్ అంటారు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ బొమ్మ సైనికులతో ఆడే యుద్ధక్రీడల్లోంచి పుట్టింది. ఆ పుట్టుమచ్చ ఇప్పటికీ పోలేదు. దెబ్బలాటకు పుటలకు పుటల నియమాలుంటాయి, బేరానికీ బతిమాలుకోవడానికీ ఒక్క పాచిక వేటు.

తెనాలి రామలింగణ్ణి ఆ చట్రంలో యథాతథంగా కూర్చోబెట్టి చూడండి. కత్తి తీస్తే ఆట అరగంట సాగుతుంది, పదిహేను సార్లు పాచికలు దొర్లుతాయి, ప్రతి వేటుకూ ఆటగాడు ఏదో ఒకటి ఎంచుకోవలసి వస్తుంది. యుక్తి చూపిస్తే ఒక్కసారి వేసి, నెగ్గాడో లేదో చూసుకుని ముందుకు పోతారు. కాసేపటికి రామలింగడు కూడా కత్తికే అలవాటు పడతాడు. అందులో ఆటగాడి తప్పేమీ లేదు. నియమాలు ఎక్కడ చిక్కగా ఉంటే ఆట అక్కడికే పోతుంది. కాబట్టి అనుసరణ మొదలుపెట్టేముందు ఒక కాగితం మీద మూడు పనులు రాసుకోవాలి: ఈ కథలో ఒక్క వేటుతో తేలిపోకూడని పనులు ఏవి? రాయబారమా, దొంగతనమా, తీర్పు చెప్పడమా? ఆ మూడింటికే ఎక్కువ నియమాలు, ఎక్కువ వేట్లు కేటాయించాలి. దెబ్బలాట ఆ మూడింటిలో లేకపోతే దాన్ని నిర్దాక్షిణ్యంగా ఒక్క వేటుకు కుదించాలి. చాలామందికి ఇక్కడే చేతులు రావు.

ఇక పాచికలు. ఇరవై ముఖాల పాచిక వీధి చివర ఫ్యాన్సీ షాపులో దొరికే వస్తువు కాదు. ఇంట్లో ఉండేది లూడో డబ్బాలోని ఆరు ముఖాల పాచిక. అందుకని ఇరవై ముఖాలది ఒకటి వేయాల్సిన చోట ఆరు ముఖాలవి మూడు వేసి కూడుతుంటారు. రెండింటికీ సగటు 10.5, కాబట్టి తేడా రాదనుకుంటారు. వస్తుంది. ఇరవై ముఖాల పాచికలో ప్రతి అంకె పడే అవకాశమూ సమానం, 5 శాతం. మూడు పాచికలు కూడితే వచ్చే 216 మేళవింపుల్లో ఎక్కువ భాగం 10, 11 చుట్టూ గుమిగూడతాయి. 15 లేదా ఆపైన పడాలి అనే కష్టమైన పని మొదటి పద్ధతిలో 30 శాతం సాధ్యం, రెండో పద్ధతిలో 216లో 20, అంటే 9 శాతమే. 8 చాలు అనే తేలికపాటి పని 65 శాతం నుంచి 84 శాతానికి ఎగబాకుతుంది. కష్టమైనవి అసాధ్యమైపోతాయి, తేలికైనవి మరీ తేలికవుతాయి, మధ్యలో ఉండే ఉత్కంఠ మాయమవుతుంది.

దీనికి విరుగుడు ఉంది. మూడు పాచికల వ్యాప్తి ఇరవై ముఖాల పాచిక వ్యాప్తిలో దాదాపు సగం. కాబట్టి కావలసిన అంకె 10కి ఎంత దూరంలో ఉందో ఆ దూరాన్ని సగం చేయాలి. 18 అడిగే చోట 14 అడగండి: 15 శాతం ఉండాల్సింది 16 శాతం అవుతుంది. 15 అడిగే చోట 13 అడిగితే 26 శాతం, 12 అడిగితే 37.5 శాతం, 30కి ఏది నప్పుతుందో మీ ఇష్టం. పాత్ర నేర్పును బట్టి పాచిక మీద పడినదానికి కలిపే అదనపు అంకెలనూ సగం చేయాలి, చాలామంది మరచిపోయేది ఇదే. 20 పడితే వచ్చే మహాదెబ్బను 18 పడితేనే ఇస్తామంటే 5 శాతం కాస్తా అర శాతానికి పడిపోతుంది. 16 నుంచి 18 వరకు ఏది పడినా ఇవ్వండి, అప్పుడు 4.6 శాతం.

ఇంత తంటా ఎందుకు, ఇరవయ్యే కావాలంటారా? తంబోలా డబ్బా తెరిచి 1 నుంచి 20 వరకు బిళ్ళలు ఏరి గుడ్డసంచిలో వేసుకోండి. లేదా పేకలోంచి ఆఠీను ఆసు నుంచి పది వరకు 1–10గా, ఇస్పేటు ఆసు నుంచి పది వరకు 11–20గా వాడండి. తీసిన బిళ్ళ ప్రతిసారీ సంచిలోకి తిరిగి వెళ్ళాలి, తీసిన ముక్క కట్టలో కలవాలి. కలపకపోతే పెద్ద అంకెలు అయిపోయిన సంగతి ఆటగాళ్ళు పసిగట్టి సాహసాలు మానేస్తారు. కావాలనే కలపకుండా ఆడే పద్ధతీ ఉంది, అందులో దురదృష్టవంతుడికి కూడా మంచి ముక్క ఎప్పుడో ఒకప్పుడు తగిలి తీరుతుంది. కాకపోతే అది వేరే ఆట. తెలిసి ఎంచుకోవాలి, బద్ధకం వల్ల కాదు.

ఒక ఆటలోని అదనపు అంకెను ఇంకో ఆటలోకి ఎత్తుకొచ్చినప్పుడూ ఇదే జరుగుతుంది. ఇరవై ముఖాల పాచికలో 2 కలిపితే ఎక్కడైనా పెరిగేది 10 శాతమే. రెండు ఆరు ముఖాల పాచికలు కూడి 7 లేదా ఆపైన రావాలనే ఆటల్లో అదే 2 కలిపితే 58 శాతం కాస్తా 83కి పోతుంది. మంత్రపు కత్తికి 2, పొంచి ఉన్నందుకు 2, తోడున్నవాడి సాయానికి 2 అని ఉదారంగా పంచిపెడితే, రెండు పాచికల మీదా 1 పడినా మొత్తం 8, ఓడిపోవడం సాధ్యమే కాదు. రెండు పాచికల ఆటలో మొత్తం అదనం 3 దాటకూడదు. 3 దగ్గరే 6, అంతకు తక్కువ మొత్తం వచ్చే అవకాశం 8 శాతానికి వచ్చేస్తుంది.

ఇప్పుడు గవ్వల సంగతి. తెలుగు ఇళ్ళల్లో తరతరాలుగా ఉన్న యాదృచ్ఛిక యంత్రం పాచిక ఒక్కటే కాదు. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలు వేసి వెల్లకిలా పడినవి లెక్కపెడతాం. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, 4. నాలుగూ బోర్లా పడితే అష్ట, 8. రెండూ అరుదైనవే కాబట్టి రెండింటికీ మళ్ళీ పందెం. ఊరికో పాఠాంతరం ఉంటుంది గానీ ఆ ఆలోచన చూడండి: ఒక్క గవ్వా వెల్లకిలా పడకపోవడం అధమం కావలసింది పోయి ఉత్తమం అయింది. పందెంలో చిట్టచివరి ఫలితాలు రెండూ పండగే.

రోల్‌ప్లేయింగ్ ఆటకు గవ్వలు ఎందుకు నప్పుతాయంటే, నైపుణ్యాన్ని అంకెగా కలపాల్సిన పని ఉండదు, చేతిలోకి తీసుకునే గవ్వల సంఖ్యే నైపుణ్యం. కూడికలు రాని పిల్లలు కూడా ఆడగలరు. 2010లో వచ్చిన అపోకలిప్స్ వరల్డ్ అనే ఆట తర్వాత బాగా పాకిన మూడంచెల ఫలితాన్ని దీనికి తగిలిద్దాం. వెల్లకిలా పడినవి 0 లేదా 1 అయితే ‘కాలేదు’. 2 లేదా 3 అయితే ‘అయింది గానీ’, అంటే పని అవుతుంది, దానితోపాటే ఒక చిక్కు వస్తుంది. 4, ఆపైన అయితే ‘అయింది’. గవ్వ ఎటైనా సమంగా పడుతుందనుకుంటే లెక్క ఇలా తేలుతుంది:

4 గవ్వలు: కాలేదు 31 శాతం, అయింది గానీ 63, అయింది 6.
5 గవ్వలు: కాలేదు 19, అయింది గానీ 62, అయింది 19.
6 గవ్వలు: కాలేదు 11, అయింది గానీ 55, అయింది 34.
7 గవ్వలు: కాలేదు 6, అయింది గానీ 44, అయింది 50.

3 గవ్వలతో ‘అయింది’ అసలు పడదు, కాబట్టి ఎవరికీ 4కు తగ్గనివ్వకూడదు. నిజానికి 4 కూడా పిల్లలకు పనికిరాదు. ఆరుసార్లు వేసినా ఒక్కసారీ ‘అయింది’ పడకుండా పోయే అవకాశం 68 శాతం. సాయంత్రమంతా కూర్చుని ఒక్క పనీ నిండుగా నెరవేరని పిల్లవాడు రెండోసారి ఆటకు రాడు. 5తో మొదలుపెడితే అది 29 శాతానికి దిగుతుంది. పాత్ర తనకు బాగా వచ్చిన పనికి 6, ఏదో ఒకే ఒక్క పనికి 7, మిగతావాటికి 5. పెద్దవాళ్ళ ఆటలో 4 వాడుకోవచ్చు, గండం గట్టెక్కడమే గొప్ప అనిపించే కథలకు అది బాగుంటుంది.

అసలు తిరకాసు ఏమిటంటే గవ్వ సమంగా పడదు. వీపు అరగదీసిన గవ్వ చక్కగా కూర్చుంటుంది, గుండ్రటి వీపు గవ్వ దొర్లుతుంది. సిమెంటు గచ్చు మీద ఒకలా, చాప మీద ఒకలా, దుప్పటి మీద ఇంకోలా పడతాయి. అందుకే వాడబోయే గవ్వల్నే, వాడబోయే చోటే పరీక్షించాలి. 5 గవ్వల్ని 80 సార్లు వేసి, మొత్తం 400లో ఎన్ని వెల్లకిలా పడ్డాయో రాసుకోండి. 400 ఎందుకంటే, 100తో సరిపెట్టుకుంటే లెక్కలో 10 శాతం అటూ ఇటూ పొరపాటు ఉండొచ్చు, 400తో అది 5కు తగ్గుతుంది. ఇద్దరు కూర్చుంటే అరగంట కూడా పట్టదు. ఏదో ఒక గవ్వ పదేపదే ఒకే వైపు పడుతోందని అనుమానం వస్తే దాన్ని తీసేయండి, రెండు రకాల గవ్వల్ని కలపకండి.

400లో 160 మాత్రమే వెల్లకిలా పడ్డాయనుకుందాం, అంటే 40 శాతం. చిన్న తేడాలాగే కనిపిస్తుంది. కానీ 7 గవ్వల నిపుణుడికి ‘అయింది’ 50 శాతం నుంచి 29కి జారిపోతుంది, 5 గవ్వలవాడికి ‘కాలేదు’ 19 నుంచి 34కి పెరుగుతుంది. ఆట ఎందుకో ఏడుపుగొట్టుగా ఉందని అందరికీ అనిపిస్తుంది, కారణం తెలియదు, కథ బాగాలేదనుకుంటారు. మందు సులువే: అందరికీ ఒక గవ్వ పెంచండి. 5 గవ్వలవాడు 6 వేస్తే 23, 59, 18 శాతాలు వస్తాయి, సమమైన 5 గవ్వల లెక్కకు దగ్గరే. నిపుణుడికి మాత్రం పూర్తిగా సరిపోదు, 8 వేసినా ‘అయింది’ 41 దగ్గర ఆగిపోతుంది. అది కూడా కావాలంటే అతనికి 9 ఇవ్వాలి, గుప్పిట్లో పట్టవు. పరీక్షలో 60 శాతం వెల్లకిలా వస్తే బోర్లా పడినవాటిని లెక్కపెట్టండి, అప్పుడు అదే 40, అదే మందు. గవ్వలే లేకపోతే రూపాయి బిళ్ళలున్నాయి: బొమ్మ లెక్క, బొరుసు కాదు. శాతాల విషయంలో గవ్వలకన్నా బిళ్ళలే నమ్మకస్తమైనవి, చప్పుడులో మాత్రం కావు. ఒక పక్క అరగదీసిన చింతగింజలు కూడా పనికొస్తాయి, వాటికీ 400 సార్ల పరీక్ష తప్పదు.

పై లెక్కలో ఇంకో ప్రమాదం దాగి ఉంది, అది జీఎంకు. నలుగురు ఆటగాళ్ళు, తలా పది వేట్లు, 5 గవ్వలు. మొత్తం 40 వేట్లలో 25 ‘అయింది గానీ’. అంటే ఆ ఒక్క సాయంత్రం జీఎం 25 కొత్త చిక్కులు కల్పించాలి. అయిదారు దాకా బాగానే ఉంటుంది. ఆ తర్వాత ప్రతిసారీ ‘అలికిడి విని కాపలావాడు వచ్చాడు’ అనే మాటే వస్తుంది. మూడంచెల ఆటలు తెలుగులో మొదటి రోజు అద్భుతంగా, మూడో రోజు నీరసంగా అనిపించడానికి ఇదే ముఖ్య కారణం. నియమం తప్పు కాదు, సరంజామా లేకపోవడం తప్పు. ముందుగా అయిదు మూల్యాలు రాసి పెట్టుకోవాలి: కాలం, సరుకు, గాయం, మాట, జాడ. పని ఆలస్యమవడం, చేతిలో వస్తువు పోవడం, దెబ్బ తగలడం, ఎవరికో మాట ఇవ్వాల్సి రావడం, వెనక ఆనవాలు వదిలిపోవడం. ‘అయింది గానీ’ పడినప్పుడు జీఎం వాటిలో రెండు చూపిస్తే, ఏది భరించాలో ఆటగాడే ఎంచుకుంటాడు. కల్పనాభారం సగానికి సగం తగ్గుతుంది, పైగా ఎంచుకున్న చిక్కు మీద ఆటగాడు గొణగడు. రెండో జాగ్రత్త: కాకపోతే ఏమీ జరగని పనికి గవ్వలు వేయకూడదు. తాళం రాకపోతే మళ్ళీ ప్రయత్నిస్తాడు, అంతే అయినప్పుడు వేయడం దేనికి? వైకుంఠపాళిలో పందెం తప్ప ఆటగాడు చేసేదేమీ లేదు. ఈ ఆటను అలా మార్చకూడదు.

ఒక పెద్ద పని ఒక్క వేటుతో తేలకూడదన్నప్పుడు గడియారం వాడాలి. 2017లో వచ్చిన బ్లేడ్స్ ఇన్ ది డార్క్ అనే ఆట దీన్ని బాగా వాడుకలోకి తెచ్చింది. కాగితం మీద సున్నా చుట్టి 4, 6 లేదా 8 ముక్కలుగా గీస్తారు. ‘అయింది’ పడితే రెండు ముక్కలు, ‘అయింది గానీ’ పడితే ఒకటి నింపాలి. 5 గవ్వలతో వేటుకు సగటున సరిగ్గా ఒక ముక్క నిండుతుంది, కాబట్టి 6 ముక్కల గడియారానికి సుమారు ఆరు వేట్లు. 6 గవ్వలతో అయిదు. 4 గవ్వలతో ముప్పాతిక ముక్కే నిండుతుంది కాబట్టి ఎనిమిది. అనుభవం లేని పాత్రల ముందు 8 ముక్కల గడియారం పెడితే పదకొండు వేట్లు పడుతుంది, మధ్యలోనే ఆవలింతలు మొదలవుతాయి. రామలింగడి యుక్తికి 6 ముక్కలు, రాయలవారి కోపానికి పక్కనే ఇంకో 4 ముక్కల గడియారం గీయండి. ‘కాలేదు’ పడినప్పుడల్లా రెండోది ఒక ముక్క నిండుతుంది. కత్తి లేకుండానే ఇప్పుడు యుక్తికి అరగంట దక్కింది.

తెలుగు కథలకు పనికొచ్చే మరో సరుకు మొహమాటం. పాత్రల మధ్య పట్టును ఖర్చుపెట్టుకోగల బిళ్ళలుగా మార్చే పద్ధతి కొత్తదేమీ కాదు, 2012 నాటి మాన్‌స్టర్‌హార్ట్స్ ఆటలో ఉంది. దాన్ని ఇలా మలచుకోవచ్చు. ఒక పాత్ర ఇంకో పాత్రకు నిజంగా నష్టపడి సాయం చేస్తే ఒక చింతగింజ పుచ్చుకుంటుంది. తర్వాత ఎప్పుడైనా ఆ గింజను ముందుపెట్టి ఏదైనా అడగవచ్చు. ఎదుటివాడు ఒప్పుకుంటే ఆ పనికి ఒక గవ్వ అదనంగా వేస్తాడు, గింజ గిన్నెలోకి పోతుంది. కాదంటే అతని కాగితం మీద ‘మాట పోయింది’ అని ఒక గీత పడుతుంది. మూడు గీతలైతే ఊరివాళ్ళ సాయం కోరే ప్రతి వేటుకూ ఒక గవ్వ తక్కువ. 5 గవ్వలవాడికి ఆ ఒక్క అదనపు గవ్వ ‘అయింది’ని 19 నుంచి 34 శాతానికి లేపుతుంది. ఇది చిన్న బహుమతి కాదు, అందుకే రెండు కట్టుబాట్లు కావాలి. ఒక వేటుకు ఒకే గింజ. గింజ ఇచ్చినవాడి నుంచే వెంటనే తిరిగి పుచ్చుకోవడం కుదరదు, మధ్యలో ఇంకొకరికి సాయపడి ఉండాలి. రెండోది లేకపోతే ఇద్దరు స్నేహితులు గింజను అటూ ఇటూ తిప్పుకుంటూ ప్రతి వేటుకూ గవ్వ పెంచుకుంటారు. ఎవరి దగ్గరా మూడుకు మించి గింజలు ఉండకూడదు, లేకపోతే దాచిపెట్టి చివరి రోజు కుమ్మరిస్తారు.

ఇంటిల్లిపాదీ కూర్చున్నప్పుడు ఇక్కడ ఒక సమస్య వస్తుంది, విదేశీ పుస్తకాల్లో దానికి పరిష్కారం వెతకడం దండగ. తాతయ్య ముందు చింతగింజ పెట్టి ‘ఇది చెయ్యి’ అనడానికి మనవరాలికి అసలైన మొహమాటమే అడ్డొస్తుంది. పెదనాన్న జీఎం అయితే పిల్లలు ‘గోడ దూకుతాను’ అనరు, ‘దూకొచ్చా?’ అని అడుగుతారు. ఆ తర్వాత ఆయన ఊ అంటేనే ఆట. నియమంతోనే దీన్ని సరిచేయాలి. గింజను జీఎం చేతికి ఇవ్వాలి, అడిగేది జీఎం నోటి నుంచి రావాలి. అడిగేది పాత్రను, మనిషిని కాదు. కోరికలో పాత్ర పేరు చెప్పి తీరాలి. వంతు ఎప్పుడూ అందరిలో చిన్నవాళ్ళతో మొదలై ఎడమవైపు తిరగాలి. వంతు వచ్చినవాళ్ళు ‘నా పాత్ర...’ అంటూనే వాక్యం మొదలుపెట్టాలి.

దెబ్బలాట మీ మూడు పనుల్లో ఉంటే బ్రహ్మరాక్షసుడి లెక్క కూడా చూసుకోండి. ఇది పాచికల ఆటలకు. నలుగురు వీరులు, ఒక్కొక్కరి వేటు 60 శాతం తగులుతుంది, తగిలితే ఆరు ముఖాల పాచికకు 2 కలిపి సగటున 5.5 నష్టం. తలా 3.3, నలుగురూ కలిసి చుట్టుకు 13.2. రాక్షసుడికి 60 ప్రాణాలుంటే (తగిలిన నష్టాన్ని వీటిలోంచే తీసేస్తారు) అయిదో చుట్టులో పడిపోతాడు. ఆ లోపు వీరులకు దాదాపు ఇరవై వంతులు, వాడికి అయిదు. భయంగా లేదని చాలామంది ప్రాణాలు 120 చేస్తారు. అప్పుడు పది చుట్లకు పోతుంది. వంతుకు నిమిషంన్నర వేసుకున్నా గంటంబావు. భయం మాత్రం అంతే ఉంటుంది, ఎందుకంటే ఒంటరివాడి కష్టం ప్రాణాలు చాలకపోవడం కాదు, వంతులు చాలకపోవడం. ప్రాణాలు 40కి దించండి, ప్రతి ఇద్దరి వంతు తర్వాత వాడికో వంతు ఇవ్వండి, 20కి దిగగానే మర్రిచెట్టు మీది నుంచి బావిలోకో, మనిషి రూపంలోకో మార్చండి. నాలుగు చుట్లలో ముగుస్తుంది, ఒక్క చుట్టూ ముందటిలా ఉండదు.

లెక్కలన్నీ కుదిరాక కూడా ఆడి చూడక తప్పదు. ముందు ఒంటరిగా ఒక సన్నివేశాన్ని ముప్పై వేట్లు వేసి చూసుకోవాలి, శాతాల్లో ఘోరమైన పొరపాట్లు అక్కడే బయటపడతాయి. తర్వాత నియమాల కాగితం ఇచ్చి, రాసినవాళ్ళు నోరు విప్పకుండా పక్కన కూర్చోవాలి. ‘ఇది కాదు, దీని అర్థం అలా కాదు’ అని అందించడం మొదలుపెడితే పరీక్ష పాడైనట్టే, ఎందుకంటే కాగితంతోపాటు మీరు ప్రతి ఇంటికీ వెళ్ళలేరు. రాసుకోవలసినవి నాలుగే: ఎన్నిసార్లు కాగితం తిరగేశారు, వేటు వేయాలన్నప్పటి నుంచి ఫలితం చెప్పేదాకా ఎంతసేపు పట్టింది, ఏ నియమం ఒక్కసారీ అక్కరకు రాలేదు, ఎవరు ఎక్కువసేపు మౌనంగా ఉన్నారు. ‘బాగుందా?’ అని అడగకండి, మనవాళ్ళు బాగుందనే అంటారు. ఒక విడతకు ఒకే మార్పు చేయండి. గవ్వల సంఖ్య, గడియారం ముక్కలు రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. వాడని నియమాన్ని కొట్టేయండి, ఎంత ముచ్చటపడి రాసుకున్నా సరే.

చివరగా ప్రచురణ విషయం, ఆ వ్యాసంలో దీని ప్రస్తావనే లేదు. ఆట ఆడే పద్ధతి మీద కాపీరైటు ఉండదు గానీ, దాన్ని వివరించిన రాతకు ఉంటుంది, అనువాద హక్కు కూడా ఆ రాత యజమానిదే. ఇంగ్లిషు నియమ పుస్తకాన్ని తెలుగు చేసి పీడీఎఫ్‌గా పంచడానికి ఉచితమైనా సరే అనుమతి కావాలి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ విషయంలో ఒక వెసులుబాటు ఉంది. ప్రచురణకర్త విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ 2023 జనవరిలో సిస్టమ్ రిఫరెన్స్ డాక్యుమెంట్ 5.1 అనే మూల నియమాల పత్రాన్ని క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్ 4.0 లైసెన్సు కింద విడుదల చేసింది. దాన్ని అనువదించవచ్చు, మార్చవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. అయితే ఆ పత్రం కోరిన ఆపాదన వాక్యాన్ని (మూలం ఎవరిదో చెప్పే వాక్యం), మార్పులు చేశామన్న సంగతిని ముద్రించాలి. ఈ అనుమతి ఆ పత్రానికే. వాళ్ళ సాహస కథల పుస్తకాలకు, బొమ్మలకు, ఆట పేరుకు, చిహ్నాలకు వర్తించదు. మీ వ్యాసకర్త తన బ్రహ్మరాక్షసుడి ఆటను ఆ నియమాల మీదే కట్టి మీ అనుబంధంలో వేయదలిస్తే, ఆ ఆపాదన వాక్యానికి ఆట ముద్రించిన పుటలోనే చోటు ఉంచండి.

భవదీయులు,
టేబుల్‌టాప్ ఆటలు రూపొందించే మిత్రులు,
హైదరాబాద్